పెద్దిరాజు మూడు కేకలు

పొగడలంక రేవులో పెద్దిరాజు అనే పడవవాడు ఉండేవాడు. రేవు వదిలేటప్పుడు ఊరంతా వినపడేలా కేకలు వేసే ఆ మనిషి, సొంత ఇంట్లోంచి మాత్రం ఎవరికీ చెప్పకుండా పిల్లిలా జారుకునేవాడు.

ముందు ఆ కేకల సంగతి చెప్పాలి. పొగడలంక గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరు. చుట్టూ నీళ్ళే. సంత, ఆసుపత్రి, బస్సులు అన్నీ అవతలి ఒడ్డున ఉండేవి. బియ్యం బస్తా కావాలన్నా, పంటి నొప్పికి మందు కావాలన్నా పెద్దిరాజు ఇంజను పడవ ఎక్కాల్సిందే. అందుకని అతని తండ్రి నాటి నుంచీ ఆ రేవులో ఒక కట్టుబాటు ఉండేది. మూడు కేకలు వెయ్యకుండా పడవ కదలకూడదు. మొదటి కేకకి ఇళ్ళలో ఉన్నవాళ్ళు చెప్పులు వేసుకునేవారు. రెండో కేకకి ఏటిగట్టు దిగేవారు. మూడో కేక వేశాక కూడా ఎవరన్నా ఇసకలో పరిగెత్తుకొస్తూ కనపడితే, వాళ్ళు వచ్చి ఎక్కేదాకా పెద్దిరాజు తాడు విప్పేవాడు కాదు.

"పడవ కదులుతోందహో!" అని అతను అరిస్తే కొబ్బరిచెట్ల మీది కాకులు లేచిపోయేవి. గొంతు అలాంటిది మరి.

"చెప్పకుండా కదలడమంటే మోసం చెయ్యడమేనండీ. మనల్ని నమ్ముకుని రేవులో మనిషి నిలబడి ఉంటాడు కదా!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వినేవాళ్ళు "ఆయ్, నిజమేనండీ" అని తలూపేవారు.

మరి ఇంట్లో ఈ ధర్మపన్నాలు ఏమయ్యేవంటారా? అక్కడ అతని తల్లి చంద్రమ్మ రాజ్యం నడిచేది. ఆవిడకి శకునాల పట్టింపు బాగా ఎక్కువ. బయలుదేరేవాణ్ణి "ఎక్కడికి?" అని అడిగితే ఆ పని కాదనేది. ఏడుపు మొహం ఎదురైతే ప్రయాణం మానేసి కాసిని మంచినీళ్ళు తాగి కూర్చోమనేది. "నీళ్ళ మీద బతుకురా మనది. మనం మరీ జాగ్రత్తగా ఉండాలి" అని కొడుక్కి చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. దాంతో పెద్దిరాజు ఎవరూ అడక్కుండా, ఎవరూ ఎదురు రాకుండా, పెరటి తలుపు తీసుకుని చల్లగా జారుకోవడం నేర్చుకున్నాడు. భార్య సత్యవేణి కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉండేది. "మా ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో అరుగు మీద చెప్పులు చూసి చెప్పాలమ్మా" అని ఆవిడ ఇరుగుపొరుగుతో నవ్వుతూ అనేది. పెద్దవాళ్ళు కాబట్టి ఇలా నవ్వి ఊరుకున్నారు. వాళ్ళ కూతురు లిఖితని ఒకటో తరగతిలో వేసిన ఏడు మాత్రం ఈ అలవాటు అందరి ప్రాణం మీదికీ తెచ్చింది.

లిఖిత అంటే చెప్పాలి. ఆ పిల్ల మాటల పుట్ట. ఇంటికి ఎవరొచ్చినా ముందు తనే పలకరించేది. కోడిపిల్లలకి పేర్లు పెట్టి హాజరు వేసేది. అలాంటి పిల్ల బడి గేటు కనపడగానే తండ్రి కాలు పట్టుకుని బల్లిలా అతుక్కుపోయేది. సత్యవేణి రొయ్యల షెడ్డులో పనికి తెల్లారకుండానే అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయేది. అందుకని బడికి దింపే పని పెద్దిరాజుదే.

మొదటి రోజు లిఖిత రాగం మొదలుపెట్టగానే అతనికి గుండె ఆగినంత పనైంది. పడవ ఎక్కబోయేముందు ఏడుపా? ఇంకేమన్నా ఉందా! వెంటనే ఒక ఉపాయం తట్టింది. భుజం మీది తువ్వాలు తీసి పిల్ల చేతిలో పెట్టాడు.

"అమ్మడూ, ఇది పట్టుకుని ఇక్కడే కూర్చో. నేను ఇప్పుడే వచ్చేస్తా. అదిగో, కిటికీలో పిచ్చుక చూడు!"

లిఖిత పిచ్చుక కోసం చూసింది. కిటికీలో పిచ్చుక లేదు. తిరిగి చూస్తే నాన్నా లేడు.

ఎస్తేరు టీచరు ఎంత సముదాయించినా ఆ పిల్ల తువ్వాలు వదల్లేదు. అన్నం బెల్లు కొట్టినా తినలేదు. "నాన్న ఇప్పుడే వస్తానన్నాడు" అంటూ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. ఇంటి బెల్లు కొట్టాక నాయనమ్మ వచ్చి చంకనేసుకుని తీసుకెళ్ళింది.

మర్నాడు పెద్దిరాజు ఇంకో ఎత్తు వేశాడు. "చాక్లెట్ కొని తెస్తానమ్మా" అన్నాడు. ఆ తర్వాత రోజు చెప్పులు గుమ్మంలో వదిలేసి, తను లోపలే ఉన్నట్టు నమ్మించి, వెనకవైపు నుంచి వట్టికాళ్ళతో గట్టెక్కాడు. ముళ్ళు గుచ్చుకున్నా కిక్కురుమనలేదు. పైగా పిల్లని ఏడిపించకుండా వచ్చేశానని పడవలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

ఏం లాభం? కొన్నాళ్ళకి లిఖిత దేనివైపూ చూడడం మానేసింది. "అదిగో కోతి" అన్నా చూసేది కాదు. "ఇదిగో ఐస్ బండి" అన్నా కదిలేది కాదు. కళ్ళార్పకుండా నాన్ననే చూసేది. ఇంట్లో కూడా అదే తంతు. అతను స్నానానికి వెళితే తలుపు బయట కూర్చుని "నాన్నా, ఉన్నావా?" అని అడుగుతూనే ఉండేది. అన్నం తినేటప్పుడు అతని తువ్వాలు అంచు తన గౌను బెల్టుకి ముడేసుకునేది. కోడిపిల్లలకి హాజరు వెయ్యడం ఎప్పుడు మానేసిందో ఎవరూ గమనించనే లేదు. సత్యవేణికి ఆ సంగతి తెలిసినరోజు కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

"ఏవండీ, పిల్ల ఇదివరకటిలా లేదండీ. నవ్వుతూ తిరిగే పిల్ల, చూడండి ఎలా అయిపోయిందో" అంది.

"కొత్త కదా. అదే అలవాటవుతుందిలే" అన్నాడు పెద్దిరాజు. అన్నాడే గాని అతనికీ లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఎస్తేరు టీచరు అవతలి ఒడ్డు మనిషి. రోజూ పొద్దున్న అతని పడవలోనే వచ్చేది. ఒకరోజు పడవ దిగుతూ నిలబడి చెప్పింది.

"పెద్దిరాజుగారూ, మీరు చెప్పి వెళ్ళండి. మీరు మాయమైపోతుంటే దానికి నేను చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. అక్షరాలు దిద్దమంటే ఒక కన్ను పలక మీద, ఒక కన్ను గుమ్మం మీద."

"చెప్తే ఏడుస్తుందండీ."

"ఏడవనివ్వండి. కాసేపు ఏడుస్తుంది, ఊరుకుంటుంది."

"అమ్మో! ఏడుపు ఎదురైతే పడవకి మంచిది కాదండీ. నా ఒక్కడి సంగతి కాదు, ఎక్కినవాళ్ళందరి ప్రాణాలూ నా చేతిలో ఉన్నాయి."

టీచరు నెత్తి కొట్టుకున్నంత పని చేసి గట్టెక్కింది.

మంగళవారం అవతలి ఒడ్డున సంత. ఆ రోజు పడవ నిండా అరటి గెలలు వేసి, ఎండ తగలకుండా పైన బరకం కప్పారు. పెద్దిరాజు లిఖితని తరగతి గుమ్మం దాకా తీసుకొచ్చి, ఎప్పటిలాగే తువ్వాలు ఇచ్చి, "టీచరుగారితో ఒక మాట చెప్పి వస్తా" అని గోడ చాటుకి వెళ్ళాడు. అక్కడి నుంచి పక్కింటి అరుగు మీద కాసేపు కూర్చున్నాడు, తీరిగ్గా బీడీ కాల్చాడు, ఆ తర్వాతే రేవు దారి పట్టాడు. ఈసారి పిల్ల గొంతు వినపడలేదు. "హమ్మయ్య, దారిలో పడింది" అనుకున్నాడు.

రేవులో జనం ఎక్కి కూర్చున్నారు. పెద్దిరాజు గట్టు వైపు తిరిగి గొంతెత్తాడు.

"పడవ కదులుతోందహో!"

మొదటి కేక అయింది. రెండోదీ, మూడోదీ వేశాడు. పెరుగు కుండతో ఒక ముసలమ్మ ఆయాసపడుతూ వస్తుంటే ఆగాడు. ఆవిడకి చెయ్యి అందించి ఎక్కించాడు. తాడు విప్పి ఇంజను తిప్పాడు.

పడవ ఏటి మధ్యకి వచ్చేసరికి గట్టు మీద ఏదో అలికిడి. చూస్తే ఎస్తేరు టీచరు. చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. ఆవిడ వెనక చంద్రమ్మ, ఆవిడ వెనక సగం ఊరు.

"పెద్దిరాజుగారూ! లిఖిత కనపడటం లేదు! బళ్ళో లేదు, ఇంట్లో లేదు!"

పెద్దిరాజు చేతిలో చుక్కాని జారిపోయింది. చుట్టూ చూశాడు. ఎటు చూసినా నీళ్ళు. తన బిడ్డ ఎక్కడుంది? గట్టు దిగిందా? ఏట్లో దిగిందా? తనని వెతుక్కుంటూ వచ్చిందా? పుట్టినప్పటి నుంచీ తిరిగిన గోదావరి అది. ఎప్పుడూ భయపడని మనిషికి ఆ క్షణాన ఆ నీళ్ళంటే భయం వేసింది.

"లిఖితా! అమ్మడూ!" అని అరిచాడు. మూడు కేకల గొంతు ఒక్క పేరుకే పూడుకుపోయింది. పడవ వెనక్కి తిప్పుతుంటే కళ్ళనీళ్ళలో రేవు కూడా సరిగ్గా కనపడలేదు.

అంతలో గెలల మధ్య నుంచి ఎవరో తుమ్మారు.

పెరుగు ముసలమ్మ ఉలిక్కిపడింది. "ఓలమ్మో, అరటి గెల తుమ్మిందర్రా!" అంది.

ఇంకో తుమ్ము వచ్చింది. బరకం కదిలింది. దాని కిందనుంచి ముందు ఒక తువ్వాలు బయటికొచ్చింది. తరవాత చింపిరి జుట్టు, దాని కింద ఎండుటాకులు అంటుకున్న లిఖిత మొహం వచ్చాయి. పిల్ల మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నేనే ముందొచ్చి కూర్చున్నా!" అంది. "ఇంక నువ్వు నన్ను వదిలేసి వెళ్ళలేవు నాన్నా!"

పడవలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. ఒకాయన గట్టు మీదివాళ్ళకి వినపడేలా "ఉందండోయ్! ఇక్కడే ఉంది! గెలల్లో మగ్గబెట్టారు పిల్లని!" అని అరిచాడు. గట్టు మీద చంద్రమ్మ కూలబడి ఏడుస్తూ నవ్వింది. పెద్దిరాజు ఒక్క అంగలో వెళ్ళి కూతుర్ని ఎత్తుకుని గుండెకి హత్తుకున్నాడు. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"చెప్పకుండా వచ్చేస్తావటే! చుట్టూ చూస్తే నువ్వు లేవు! నా ప్రాణం ఎలా కొట్టుకుందో తెలుసా?"

లిఖిత తండ్రి మొహంలోకి చూసింది. చిన్న చెయ్యి చాపి అతని కళ్ళు తుడిచింది.

"నాక్కూడా రోజూ అలాగే కొట్టుకుంటుంది నాన్నా" అంది.

ఇంజను ఒక్కటే టకటకమంటోంది.

"నువ్వు అందరికీ మూడు కేకలు వేస్తావు కదా" అంది లిఖిత మళ్ళీ. "పెరుగు మామ్మకి కూడా వేశావు. బరకం కింద విన్నా. మరి నాకు ఒక్క కేక కూడా వెయ్యవేం?"

పెద్దిరాజు కూతుర్ని ఇంకా దగ్గరికి తీసుకున్నాడు. నమ్ముకుని రేవులో మనిషి నిలబడి ఉంటాడని లోకానికంతా చెప్పిన మనిషి! తన సొంత బిడ్డ రోజూ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిందని అతనికి అప్పుడు తట్టింది. సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు అబ్బాయ్, సమాధానం" అంది పెరుగు ముసలమ్మ. ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు.

మర్నాడు పొద్దున్న పెద్దిరాజు పెరటి తలుపు వైపు వెళ్ళలేదు. వీధి గుమ్మంలో నిలబడి "అమ్మా, పిల్లని బడిలో దింపి రేవుకి వెళ్తున్నా" అన్నాడు. చంద్రమ్మ చెవులు మూసుకుంది. "నేను అడిగానా? నేను అడిగానా నిన్ను?" అంటూ లోపలికి పోయింది.

బడి గుమ్మంలో పెద్దిరాజు గొంతుక్కూర్చుని కూతురి భుజాలు పట్టుకున్నాడు.

"అమ్మడూ, విను. నేను ఇప్పుడు పడవ దగ్గరికి వెళ్తాను. మధ్యలో రాను. అన్నం నువ్వు ఇక్కడే తినాలి. ఇంటి బెల్లు కొట్టేసరికి ఈ గేటు దగ్గర ఉంటాను. నాయనమ్మ కాదు, నేనే వస్తా."

లిఖిత పెదవి వంకర తిరిగింది. పెద్దిరాజు లేచి రెండడుగులు వెనక్కి వేసి, రేవులో నిలబడినట్టే నిలబడ్డాడు.

"నాన్న కదులుతున్నాడహో!"

తరగతిలో పిల్లలంతా కిసుక్కున నవ్వారు. లిఖిత మాత్రం భోరుమంది. రెండో కేకకి ఇంకా గట్టిగా ఏడ్చింది. అంత ఏడుపు అతను ఎన్నడూ వినలేదు. ఎప్పుడూ వినకుండా పారిపోయేవాడు కదా! "అదిగో పిచ్చుక" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి దాన్ని మింగేశాడు. మూడో కేక వేశాడు. పిల్ల చూస్తుండగానే, పిల్లకి చెయ్యి ఊపుతూనే, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గట్టెక్కాడు.

ఆ రోజు భయపడుతూనే పడవ ఎక్కాడు. నిండు ఏడుపు ఎదురయ్యాక వచ్చాడు మరి! కానీ పడవకి ఏమీ కాలేదు. రోజూ దగ్గే ఇంజను కూడా ఆ రోజు దగ్గలేదు. సాయంత్రం బెల్లు కొట్టడానికి ముందే వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. బయటికొచ్చిన లిఖిత అతన్ని చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

"నిజంగా వచ్చావే!" అంది.

ఆ మాటకి అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అలా రోజులు గడిచాయి. లిఖిత ఏడుపు ఒక్కసారిగా ఆగిపోలేదు. మూడో కేక దాకా ఉన్నది రెండో కేకకి తగ్గింది, తరవాత వట్టి ముక్కు ఎగపీల్పుగా మారింది. పడవ ఈ ఒడ్డుకి వచ్చి వెళ్ళినప్పుడల్లా రేవులోంచి అతని కేకలు తరగతి గదిలోకి వినపడేవి. "మా నాన్న!" అని లిఖిత ఎగిరి గంతేసేది. మిగతా పిల్లలు ఊరుకుంటారా? కేక వినపడగానే తరగతి తరగతంతా "హో!" అని బదులు పలికేది. ఎక్కాల మధ్యలో హో, పద్యాల మధ్యలో హో. ఎస్తేరు టీచరు మొదట విసుక్కుంది, తరవాత నవ్వుకుంది, ఆఖరికి తనూ పలకడం మొదలుపెట్టింది. లిఖిత అన్నం తినసాగింది. ఇంటి దగ్గర కోడిపిల్లలకి మళ్ళీ హాజరు మొదలైంది. అవి మాత్రం ఈ మధ్యలో బాగా పెరిగిపోయి పిలిస్తే పలకడం మానేశాయి.

ఇంతలో పొగడలంకలో ఒక పెళ్ళి వచ్చింది. మగపెళ్ళివారు అవతలి ఒడ్డు నుంచి రావాలి. డోలూ సన్నాయితో సహా సాయంత్రం వేళకి అందరూ పడవెక్కారు. పెళ్ళికొడుకు మేనమామ ఒక్కడే రాలేదు.

"కాసేపు ఆగవయ్యా. ఆయన లేకుండా ఎలా వెళ్తాం?" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

పెద్దిరాజు పొద్దు వైపు చూశాడు. ఇంటి బెల్లు వేళ దగ్గరపడుతోంది.

"మూడు కేకలు వేస్తానండీ. ఆయన కనపడితే ఆగుతా. కనపడకపోతే మిమ్మల్ని దింపి మళ్ళీ వచ్చి తీసుకెళ్తా. బెల్లు కొట్టేసరికి అక్కడుంటానని ఒక పెద్దమనిషికి మాటిచ్చానండీ."

"మాకంటే పెద్దమనిషా? ఎవరయ్యా ఆయన? ఎమ్మెల్యేనా?"

"ఆయన కంటే పెద్దండీ. ఒకటో తరగతి."

పడవంతా గొల్లుమంది. పెళ్ళికొడుకు తండ్రి మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. "అయితే వెయ్యవయ్యా నీ కేకలు!" అన్నాడు.

మొదటి కేకకి ఎవరూ రాలేదు. రెండో కేకకీ రాలేదు. మూడో కేక సగంలో ఉండగా ఇసక తిన్నెల మీద మేనమామ కనపడ్డాడు. పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో లడ్డూల డబ్బా పట్టుకుని, "ఆగండర్రోయ్!" అంటూ పడుతూ లేస్తూ వచ్చాడు. కట్టుబాటు కట్టుబాటే. పెద్దిరాజు ఆగాడు. మేనమామని, లడ్డూలని కూడా ఎక్కించుకుని ఇంజను తిప్పాడు.

పడవ ఏటి మధ్యలో ఉండగా బడి బెల్లు వినపడింది.

పెద్దిరాజు మొహం వాడిపోయింది. "నేనే వస్తానని చెప్పానండీ. ఇన్నాళ్ళకి నమ్మడం మొదలెట్టింది. ఈ ఒక్కరోజు గేటు దగ్గర కనపడకపోతే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాడు.

"మరి కేక వెయ్యవేమయ్యా?" అన్నాడు మేనమామ, తన వల్లే ఆలస్యమైందన్న బాధతో. "నువ్వు రావడం లేటైతే నీ గొంతుని ముందు పంపించు!"

పెద్దిరాజు లేచి నిలబడ్డాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"నాన్న వస్తున్నాడహో!"

రెండో కేకకి పెళ్ళివారంతా గొంతు కలిపారు. మూడో కేకకి డోలు మోగింది, సన్నాయి అందుకుంది.

అక్కడ బడి గేటు దగ్గర పిల్లలంతా ఇళ్ళకి వెళ్ళిపోతున్నారు. లిఖిత ఒక్కతే గేటు పట్టుకుని నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు ఊరాయి. చంద్రమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"రావే అమ్మా, పోదాం. మీ నాన్న పెళ్ళివారి పన్లో ఉన్నాడు. ఇప్పుడప్పుడే రాడు."

సరిగ్గా అప్పుడే ఏటి మీది నుంచి కేక వినపడింది. లిఖిత చెవులు రిక్కించింది. చెంపల మీద నీళ్ళు అలాగే ఉన్నాయి, మొహం మాత్రం చేటంత అయింది.

"హో!" అని తన శక్తి కొద్దీ అరిచింది. తరవాత నాయనమ్మ వైపు తిరిగి, పెద్ద ఆరిందాలా చెప్పింది. "నాన్న దారిలో ఉన్నాడు. కేక వేశాడు. ఏం భయం లేదు నాయనమ్మా, నువ్వు కూడా ఇక్కడే కూర్చో."

చంద్రమ్మ అక్కడే కూర్చుంది.

పడవ రేవుకి తగిలీ తగలకముందే పెద్దిరాజు దూకాడు. గట్టెక్కి పరిగెత్తాడు. ఆ ఒకటో తరగతి పెద్దమనిషిని చూడాల్సిందేనని పెళ్ళివారు కూడా అతని వెనకాలే బయలుదేరారు. డోలు, సన్నాయి, పట్టుచీరలు, పెళ్ళికొడుకుతో సహా ఊరేగింపంతా విడిదికి వెళ్ళకుండా తిన్నగా బడి గేటు దగ్గరికి వచ్చి ఆగింది.

"బెల్లు కొట్టేశారు" అంది లిఖిత, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"తప్పయిపోయిందమ్మడూ" అన్నాడు పెద్దిరాజు, రొప్పుతూ.

"పర్లేదులే. కేక వేశావుగా" అంది. అని వచ్చి అతని మెడ చుట్టూ చేతులు వేసింది. మేనమామ డబ్బా మూత తీసి మొదటి లడ్డూ ఆ పిల్ల చేతిలోనే పెట్టాడు.

మర్నాడు పొద్దున్న పెద్దిరాజు బయలుదేరుతుంటే చంద్రమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాసేపు అటూ ఇటూ చూసింది. ఆఖరికి ఉండబట్టలేక, ఈ జన్మలో అడగని మాట అడిగేసింది.

"ఎక్కడికిరా అబ్బాయ్?"

"రేవుకే అమ్మా! పొద్దుగూకేసరికి వచ్చేస్తా!" అన్నాడు పెద్దిరాజు, పొంగిపోయి.

బడి గేటు దగ్గర అతను గొంతుక్కూర్చుని ఎప్పటిలాగే చెప్పబోయాడు. లిఖిత అతని నోటి మీద చెయ్యి పెట్టింది. రోజూ బడికి తెచ్చుకునే తువ్వాలు తన భుజం మీంచి తీసి నాన్న చేతిలో పెట్టింది.

"ఇది నువ్వుంచుకో నాన్నా. సాయంత్రం బెల్లు కొట్టాక నేనే నీ దగ్గరికి వచ్చేస్తా. ఏడవకూడదు, సరేనా?"

రెండడుగులు వెనక్కి వేసి, రేవులో తండ్రి నిలబడినట్టే నిలబడింది.

"లిఖిత కదులుతోందహో!"

మూడు కేకలూ పూర్తిగా వేసింది. ఒక్కటీ తగ్గించలేదు. లోపలి నుంచి పిల్లలంతా "హో!" అన్నారు. ఆ పిల్ల చెయ్యి ఊపి, తిరిగి, గెంతుకుంటూ తరగతిలోకి వెళ్ళిపోయింది. ఒక్కసారన్నా వెనక్కి చూడలేదు.

పెద్దిరాజు తువ్వాలు పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"వెళ్ళండి పెద్దిరాజుగారూ, పడవ వేళయింది" అంది ఎస్తేరు టీచరు, నవ్వుతూ.

"వెళ్తానండీ. ఒక్క నిమిషం" అన్నాడతను. ఆ తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకుని, నవ్వుకుంటూ రేవు వైపు నడిచాడు.

నీతి: బిడ్డ ఏడుస్తుందని చెప్పకుండా జారుకుంటే భయం పెరుగుతుంది, వెళ్తున్నానని చెప్పి వెళ్ళి, వస్తానన్న మాట నిలబెట్టుకుంటే, ఆ బిడ్డే ఒకనాడు ధైర్యంగా మన చెయ్యి వదిలి నవ్వుతూ ముందుకి నడుస్తుంది.